చూసి రండి, కాల్చి రాకండి

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్ళు, హెచ్-1బి మీద పని చేస్తున్నాను. నా జీతం ఏడాదికి 104 వేల డాలర్లు. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (నా వీసా మీద తనకి వచ్చిన పని అనుమతి) మీద ఇంటి నుంచి పని చేస్తుంది, తన జీతం 64 వేలు. పిల్లలకు ఎనిమిదేళ్ళు, నాలుగేళ్ళు. మే నెలలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో జరిగే ఓవర్‌ల్యాండ్ ఎక్స్‌పోకి (బళ్ళలో అడవులు తిరిగి క్యాంపింగ్ చేసేవాళ్ళ కోసం పెట్టే ప్రదర్శన) వెళ్ళాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఈసారి కొత్త టయోటా ఫోర్‌రన్నర్ తీసుకుని, టెంటు, సస్పెన్షన్, ఫ్రిజ్ లాంటివన్నీ ఎక్స్‌పోలో డిస్కౌంట్‌లో కొందామని ప్లాన్. బండి మొత్తం 57 వేలు, 9 వేలు డౌన్ కట్టి మిగతా 48 వేలు ఆరేళ్ళ లోన్, వడ్డీ 7.5 శాతం. సామాను ఇంకో 11 వేలు. ఇన్సూరెన్స్ నెలకు 95 పెరుగుతుందని కోట్ తెచ్చుకున్నాను. ఏడాదికి పది రాత్రులు క్యాంపింగ్‌కి పోతాం, అన్నీ బిగించిన బండి అద్దెకైతే రోజుకి 240. బ్యాంకులో 31 వేలు ఉన్నాయి. ఇండియాలో ఫ్లాటు ఈఎంఐ, అమ్మానాన్నలకు పంపేది కలుపుకుని నెల ఖర్చు 7,800, చేతికొచ్చేది 10,400. చేతిలో డబ్బు ఆడాలని 401కెలో (రిటైర్మెంట్ ఖాతా) 3 శాతమే వేస్తున్నాను, కంపెనీ ఇచ్చిన కాగితం జత చేశాను. కారు లోన్ వడ్డీకి ఇప్పుడు పన్ను మినహాయింపు ఉందని ఫ్రెండ్ చెప్పాడు. మా ఆవిడేమో అసలు ఎక్స్‌పోకి వెళ్ళడమే దండగ, ఉన్న రావ్‌ఫోర్ కారు ఏం పాపం చేసింది అంటోంది. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఎక్స్‌పోకి వెళ్ళడం దండగ కాదు. ఆ మాట వరకు మీ వైపే. రావ్‌ఫోర్ ఏ పాపమూ చేయలేదు. ఆ మాట వరకు మీ శ్రీమతి గారి వైపు.

టిక్కెట్టు గురించి ఇద్దరూ వాదించుకుంటున్నారు గానీ ఖర్చు అక్కడ లేదు. చాండ్లర్ నుంచి, ఎక్స్‌పో జరిగే ఫోర్ట్ టుట్‌హిల్ పార్కుకు (ఫ్లాగ్‌స్టాఫ్‌కి దక్షిణాన ఉంది) రెండున్నర గంటల దారి. మీ రావ్‌ఫోర్‌లో పోయి రావడానికి నలభై డాలర్ల పెట్రోలు. హోటల్ జోలికి పోకుండా పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొస్తే నలుగురికీ కలిపి ఒక మంచి వీకెండ్ ఖర్చు, అంతే. నేనూ ఒకసారి వెళ్ళాను. పాండరోసా పైన్ చెట్ల మధ్య దుమ్ము లేచే దారులు, వరసగా నిలబెట్టిన బళ్ళు, వాటి నెత్తిన టెంట్లు. అచ్చం మన తిరనాళ్ళే. కాకపోతే రంగులరాట్నం బదులు రాళ్ళ మీద ఎక్కి దిగే జీపులు. మట్టిలో కూరుకుపోయిన బండిని ఎలా లాగాలో, టైర్లలో గాలి ఎంత తగ్గించాలో చెప్పే క్లాసులు కూడా పెడతారు. 2009 నుంచి నడుస్తున్న ఈ ఎక్స్‌పోలో నా దృష్టిలో అసలు సరుకు ఆ క్లాసులే.

నాకు టెన్షన్ పుట్టించింది మీ ఉత్తరంలోని ఇంకో లెక్క. 31 వేలలో డౌన్ పేమెంటుకు 9, సామానుకు 11 తీస్తే మిగిలేది 11 వేలు. నెల ఖర్చు 7,800. కొత్త ఈఎంఐ 830 కలిపితే 8,630. అంటే నెలన్నర కూడా రాదు. అది చాలదా అంటారేమో. ఇద్దరం సంపాదిస్తున్నాం కదా, ఒకరిది పోయినా ఇంకొకరిది ఉంటుంది అనే ధైర్యం మీ ఉత్తరం అంతటా కనిపిస్తోంది. మీ విషయంలో ఆ ధైర్యానికి ఆధారం లేదు. మీ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందు ముగిస్తే అన్ని రోజులు కూడా ఉండవు. మీ శ్రీమతి ఈఏడీ మీ హెచ్-1బికి కట్టిన తోక. మీ స్టేటస్ నిలవకపోతే ఆవిడ పని చేసే అనుమతీ నిలవదు. కాగితం మీద రెండు జీతాలు, నిజానికి రెండూ వేలాడేది ఒకే తాడుకి. అందుకే మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళకి మూడు నెలల ఖర్చు చాలదు, ఆరు నెలలది బ్యాంకులో ఉండాలి అంటాను. మీకు అది దాదాపు 47 వేలు. ఇంకా 16 వేలు తక్కువున్నారు. అలాంటప్పుడు ఉన్నదాంట్లోంచి 20 వేలు తీసి బండికి పెట్టమని ఎలా చెప్పను?

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన పన్ను సంగతి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. 2025 నుంచి 2028 దాకా కొత్త కారు లోన్ మీద కట్టిన వడ్డీని ఏడాదికి 10 వేల డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. జాయింటుగా ఫైల్ చేసేవాళ్ళకి 2 లక్షల ఆదాయం దాటాకే అది తగ్గడం మొదలవుతుంది కాబట్టి మీ ఆదాయానికి అడ్డు లేదు. అడ్డు బండికే ఉంది. ఆ కారు చివరి బిగింపు అమెరికాలో జరిగి ఉండాలి. ఫోర్‌రన్నర్ వచ్చేది జపాన్‌లోని తహారా ఫ్యాక్టరీ నుంచి. షోరూములో అద్దం కింద విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చూడండి, మొదటి అక్షరం జె ఉంటుంది. దానికి ఈ మినహాయింపు సున్నా. ఒహాయోలో తయారయ్యే జీప్ రాంగ్లర్‌కో, మిషిగన్‌లో తయారయ్యే ఫోర్డ్ బ్రాంకోకో అయితే వర్తిస్తుంది. అలాగని పార్టీ మార్చి జీపు కొనెయ్యకండి. ఇదే లోన్ మీద మొదటి ఏడాది వడ్డీ 3,380 దాకా అవుతుంది. 22 శాతం స్లాబులో మీకు మిగిలేది 740 డాలర్లు. 740 మిగుల్చుకోవడానికి 3,380 కట్టడం ఏం తెలివి? సెకండ్ హ్యాండ్ బండికి ఇది అసలే లేదు, అది కూడా గుర్తుంచుకోండి.

రాత్రి లెక్క కూడా ఒకటి వేద్దాం. ఏడాదికి పది రాత్రులు క్యాంపింగ్‌కి పోతాం అన్నారు. చిన్నపిల్లలతో, ఉద్యోగాలతో పది రాత్రులంటే గొప్పే, అయినా ఒప్పుకుంటాను. సామాను 11 వేలు ఐదేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 2,200. లోన్ మీద ఆరేళ్ళలో కట్టే వడ్డీ సుమారు 11,750, అంటే ఏడాదికి 1,960. మీరు తెచ్చుకున్న కోట్ ప్రకారం పెరిగే ఇన్సూరెన్స్ నెలకు 95, ఏడాదికి 1,140. నెత్తిన టెంటు, పెద్ద టైర్లు పెట్టాక మైలేజీ గ్యాలన్‌కి 21 నుంచి 17కి పడిపోతే, 12 వేల మైళ్ళకు పెట్రోలు ఇంకో 470. కలిపితే 5,770. పది రాత్రులకు పంచితే రాత్రికి 577 డాలర్లు. ఇందులో బండి ఖరీదూ లేదు, దాని తరుగుదలా లేదు. మీరే రాశారు, అన్నీ బిగించిన బండి అద్దెకు రోజుకి 240 అని. సొంతది ఉంటే ఆ ఆనందం వేరు అంటారు, నాకు తెలుసు. ఆ ఆనందం ఖరీదెంతో కూడా తెలియాలి కదా.

ఎక్స్‌పోలో ధర తక్కువ అన్న మాట మీద నాకో పాత పుండు ఉంది. మూడేళ్ళ క్రితం ఇలాంటి ఒక షోలో, ఈ మూడు రోజులే ఈ రేటు అంటే నీడ కోసం కారు పక్కన విప్పుకునే ఆనింగ్ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే నా కారు ర్యాకుకి ఆ బ్రాకెట్లు పట్టలేదు. వేరే బ్రాకెట్లకి 180 డాలర్లు. తర్వాతి నెల మెమోరియల్ డే సేల్‌లో అదే ఆనింగ్ అదే రేటుకి వచ్చింది. ఇప్పటికి దాన్ని వాడింది రెండుసార్లు. రెండోసారి మా అబ్బాయి బర్త్‌డేకి పెరట్లో, సమోసా ట్రేల మీద ఎండ పడకుండా. రోజూ జనానికి లెక్కలు చెప్పేవాడికే ఈ గతి.

అందుకని అక్కడికి కొనడానికి కాదు, కొలవడానికి వెళ్ళండి. రూఫ్ టెంట్ల స్టాల్ దగ్గర మొహమాటపడకుండా చెప్పులు విడిచి నలుగురూ నిచ్చెన ఎక్కండి. పడుకోండి. ఒకరి మోచేయి ఇంకొకరి పక్కలో గుచ్చుకుంటోందా చూడండి. చిన్నదాన్ని రాత్రి రెండింటికి నిద్ర లేపినట్టు ఊహించుకోండి. చీకట్లో, చలిలో, "నాన్నా, ఒంటికి" అంటుంది. ఆ నిచ్చెన మీద దాన్ని చంకనేసుకుని దిగాల్సింది మీరు. 3,200 డాలర్ల టెంటు మీద మోజు చాలామందికి ఆ నిచ్చెన దగ్గరే దిగిపోతుంది. మీకు దిగకపోతే, అది నిజంగా కావలసిందే అన్నమాట.

ఇంకొకటి బరువు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క ఫ్రేము మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని. మీ నలుగురూ 400 అనుకోండి. టెంటు 160, ర్యాకు 60, డ్రాయర్లు 150, తిండితో సహా ఫ్రిజ్ 90, పది గ్యాలన్ల నీళ్ళు 83, ముందు బంపరూ, కూరుకుపోతే లాగే వించీ 150. దాదాపు 1,100 పౌండ్లయింది, ఇంకా బట్టలు, కుర్చీలు, వంట గ్యాసు ఎక్కలేదు. మీరు చూస్తున్న మోడల్‌కి ఆ అంకె ఎంతో షోరూములో తలుపు తెరిచి ఫోటో తీసుకుని, ఎక్స్‌పోకి జేబులో పెట్టుకెళ్ళండి. స్టాల్ వాళ్ళు వస్తువు గుణాలు చెప్తారు గానీ, మీ బండి మొయ్యగలదా అన్నది మీరు అడిగితేనే మాట్లాడతారు. సస్పెన్షన్ మార్చినంత మాత్రాన ఆ స్టిక్కర్ మీద అంకె మారదు.

ఇన్సూరెన్స్ వాళ్ళనీ ముందే అడగండి. బయట బిగించిన సామాను చాలా పాలసీల్లో కొద్ది మొత్తం వరకే కవర్ అవుతుంది, పూర్తిగా కావాలంటే విడిగా కట్టాలి. వారంటీ పోతుందని భయపెట్టేవాళ్ళ మాట మాత్రం అంతగా నమ్మక్కర్లేదు. బయటి పార్టు వల్లే చెడిపోయిందని చూపించకుండా వారంటీ ఎగ్గొట్టకూడదని 1975 నుంచే చట్టం ఉంది.

మరి చేయాల్సిందేమిటి? ముందు 401కెని 3 నుంచి 5 శాతానికి పెంచండి. మీరు జత చేసిన కాగితం ప్రకారం కంపెనీ 5 శాతం దాకా డాలరుకి డాలరు వేస్తుంది. ఇప్పుడు ఏడాదికి 2,080 డాలర్లు వాళ్ళు ఇస్తామంటే మీరు వద్దంటున్నారు. పన్ను తగ్గేది పోను మీ చేతికి తగ్గేది నెలకు 135 లోపే. తర్వాత నెలకు 1,300 ఎమర్జెన్సీ ఫండుకి. సుమారు ఏడాదిలో ఆ 16 వేల లోటు తీరుతుంది. బండి పేరుతో విడిగా ఒక ఖాతా తెరిచి నెలకు 400 వేయండి, తిప్పలు పడకుండానే వస్తుంది. రెండేళ్ళకి 9,600, వడ్డీ అదనం. అంటే డౌన్ పేమెంటు పొదుపులోంచి కాకుండా దాన్లోంచే వస్తుంది. అప్పటికీ ఫోర్‌రన్నరే కావాలంటే తీసుకోండి, నాకు దాని మీద కోపం లేదు. పాతబడ్డా మంచి ధర పలికే బండి అది. నెత్తిన పెట్టిన సామానుకి మాత్రం అమ్మేటప్పుడు సగం కూడా రాదు.

ఈలోపు క్యాంపింగ్ మానక్కర్లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ ఉన్న కోకోనినో నేషనల్ ఫారెస్ట్‌లో చాలాచోట్ల ఉచితంగా 14 రోజుల వరకు గుడారం వేసుకోవచ్చు. ఏ రోడ్డులో బండి పోనిస్తారో చూపించే మ్యాపు ఫారెస్ట్ సర్వీసు వాళ్ళే ఊరికే ఇస్తారు. పలుచోట్ల అవి రావ్‌ఫోర్ హాయిగా పోయే కంకర దారులే. 250 డాలర్లలో నేల మీద వేసుకునే టెంటు వస్తుంది, పాప నిచ్చెన దిగే పనీ ఉండదు. మే, జూన్‌లలో అడవి ఎండి ఉంటుంది కాబట్టి నెగడు వేయనివ్వరు చాలాసార్లు, వెళ్ళే ముందు చూసుకోండి. ఒక్కసారి ఆ 240 డాలర్ల అద్దె బండి కూడా మూడు రోజులు తీసుకోండి. ఏడాదిలో నిజంగా ఎన్ని రాత్రులు బయట పడుకున్నారో క్యాలెండరులో రాసి పెట్టండి. పది దాటితే మీ శ్రీమతి గారికి ఆ క్యాలెండరే చూపించండి, నా ఉత్తరం కాదు.

ఎక్స్‌పోలో అసలేమీ కొనొద్దంటే మనసు ఊరుకోదని తెలుసు. 150 డాలర్లు కవరులో పెట్టి ఆవిడ చేతికివ్వండి. టైరు గాలి చూసే మంచి గేజీ, చిన్న కంప్రెసరూ వస్తాయి, అవి రావ్‌ఫోర్‌కీ పనికొస్తాయి. ఫైనాన్స్ ఫారాలు నింపించే బల్ల దగ్గర మాత్రం ఆగొద్దు. స్వెటర్లు మర్చిపోకండి. ఏడు వేల అడుగుల ఎత్తు కదా, చాండ్లర్‌లో ఏసీ లేకుండా బతకలేని మే నెలలో అక్కడ పొద్దు వాలితే పిల్లలు వణుకుతారు.