మచ్చల ఆకుల మొక్క: మా బాబు కొరికిన రోజు

మీ ఇంట్లో కుండీలో ఉన్న మొక్క ఏమిటి, పాకే పాపకి ప్రమాదమా అని అడిగారు కదా. చెరకు గడలా గణుపులున్న లావు కాండం, అరచేతికన్నా పెద్ద ఆకులు, అంచు పచ్చగా, మధ్యలో లేత పసుపు మచ్చలు... మీరు చెప్పిన గుర్తులన్నీ ఇళ్లలో అందం కోసం పెంచే డైఫెన్‌బేకియా మొక్కవే. ఒక్క ఆకు తింటే నిమిషంలో ప్రాణం పోతుందన్న మెసేజ్ చూసి టెన్షన్ పడుతున్నారు కదా, అది నిజం కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు.

మా బాబుకి ఏడాదిన్నర అప్పుడు. కుండీ పక్కన రాలిన ఆకుని తర్వాత ఎత్తుదాంలే అని వదిలేశాను. కాసేపటికి ఒకటే కేక. నోట్లో ఆకు ముక్క! చూస్తుండగానే పెదవి ఉబ్బింది, చొంగ ఆగలేదు, గొంతు బొంగురుపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్తయ్యే వేలికి తడిగుడ్డ చుట్టి ముక్కలు తీసేసి, నోరు తుడిచి, చల్లటి పాలు కొద్దికొద్దిగా పట్టించారు. నేను వాంతి చేయించబోతే, ఫోన్లో డాక్టర్ గట్టిగా వద్దన్నారు. పైకి వస్తూ గొంతుని మళ్లీ మండిస్తుందట. ఆసుపత్రిలో ఊపిరి ఎలా ఉందో కొన్ని గంటలు చూసి పంపేశారు. వాపు మర్నాటికి తగ్గింది గానీ, వాడు సరిగ్గా తినడానికి మూడు రోజులు పట్టింది.

ఈ మొక్క నిండా కంటికి కనిపించని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరకగానే నోట్లో గుచ్చుకుంటాయి. కంద తరిగితే దురద పెట్టేదీ ఇలాంటివాటి వల్లే, రెండూ ఒకే కుటుంబం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, తరిగిన చేతిని అడగాలి! అంత మండుతుంటే ఎవరూ ఎక్కువ మింగలేరు, కాబట్టి ప్రాణాపాయం చాలా అరుదు. భయమల్లా నాలుక, గొంతు ఉబ్బి ఊపిరికి అడ్డుపడితేనే. ఉమ్మి కూడా మింగలేకపోయినా, ఊపిరిలో శబ్దం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రసం కంట్లో పడితే ఓ 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించండి. మొక్క కత్తిరించేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి.

నన్నడిగితే, పెరట్లో పచ్చగన్నేరు ఉంటే ముందు దాని సంగతి చూడమంటాను. దాని విషం గుండె లయనే దెబ్బతీస్తుంది. ముఖ్యంగా గింజ నోట్లో పడిందని అనుమానం వచ్చినా, పిల్లలు బాగానే కనిపిస్తున్నారని ఇంట్లో కూర్చోకూడదు.

మీ పాప పాకుతోంది అన్నారు. కుండీని ఎత్తులో పెడితే సరిపోదు, ఆకులు కిందే కదా రాలేది. మాది మేడమీదకి చేర్చి తలుపు గడియ పెట్టేశాం.