మండువా లోగిలి మీద మనసుపడ్డారు సరే, బయానా ఆపండి

అమ్మా,

కోనసీమలో ఒక పాత మండువా లోగిలి (నడుమ కప్పులేని వాకిలి, చుట్టూ గదులు ఉండే పెంకుటిల్లు) చూసి, ఏ గది ఎవరికో కూడా మనసులో పంచేశానని రాశారు. మీవారు ‘ముందు కాగితాలు చూద్దాం’ అన్నందుకు మాటలు ఆగిపోయాయి. ఆ ఇంటి యజమాని వీలునామా రాయకుండా పోయారు, ఆయన పెద్దబ్బాయి ఈ వారమే బయానా ఇమ్మంటున్నాడు, అతని చెల్లెళ్లిద్దరిలో ఒకరు అమెరికాలో ఉన్నారు.

మీవారు ఇల్లు వద్దనలేదు. మీరేమో ఆ ఇంటి మీద ఇష్టాన్ని ఆయన మీ మీద ఇష్టానికి పరీక్షగా మార్చేశారు. ఈ రాత్రికే ఆ మాట ఒప్పేసుకుని పని పంచుకోండి: కాగితాలు ఆయనవి, కట్టడం మీది.

కాగితాల విషయంలో ఆయన భయం నిజమైనదే. వీలునామా లేనప్పుడు ఆ పిల్లల తల్లి ఉంటే ఆమెకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటా. ‘చెల్లెళ్లకు కట్నం ఇచ్చేశాం’ అన్నంత మాత్రాన వాళ్ల హక్కు పోదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి. అమెరికా చెల్లెలు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. పెద్దబ్బాయి ఒక్కడి సంతకంతో కొంటే మీ చేతికొచ్చేది అతని వాటా మాత్రమే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) తీయించండి. గ్రామకంఠం (ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన పాత నివాస) స్థలమైతే ఒక్కోసారి పాత దస్తావేజే ఉండదు, ఇంటిపన్ను రసీదు చూపిస్తారు. ఆ రసీదు హక్కు పత్రం కాదు. బయానాకు ముందే లాయరుకు చూపించండి.

ఇక మీ వంతు. ఎండలో ఆ ఇల్లు ముచ్చటగానే ఉంటుంది, మీరు వాన పడుతుండగా వెళ్లండి. నాలుగు వైపుల కప్పులు కలిసే మూలల్లో జింకు రేకు తుప్పు పట్టిందంటే, నీళ్లు కింది వాసాల్లోకి దిగుతాయి. మండువాలో పడిన నీరు తూములోంచి బయటికి పోతోందో, అరుగుల కిందికి ఇంకుతోందో నిలబడి చూడండి. పాత ఇళ్లు బాగుచేసిన అనుభవమున్న వడ్రంగిని వెంట తీసుకెళ్లండి. దూలం నడిమి భాగం గట్టిగానే ఉంటుంది, కుళ్లేది గోడలో దిగిన కొస. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సులువుగా దిగిపోయిందంటే ఆ దూలం మార్చాల్సిందే. స్తంభాల మొదళ్లు తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు ఉండొచ్చు. పైపైన మందు కొడితే చెదలు పోవు. గోడల వెంట నేలలో అడుగుకో రంధ్రం వేసి, ఒక్కోదాంట్లో నీళ్లలో కలిపిన మందు లీటరు చొప్పున నింపాలి.

గోడల మీద మోకాలెత్తు వరకు ఉప్పు పొంగి సున్నం రాలుతుంటే కంగారుపడి సిమెంటు పూత వేయించకండి. తేమకు బయటికి దారి మూసుకుపోయి ఇంకా పైకి పాకుతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయాలి. కరెంటు వైరింగు మొత్తం మార్చాలని ముందే లెక్కలో వేసుకోండి.

వీలైతే అడిగి, అత్తగారితో సహా ఒక రాత్రి అక్కడ ఉండండి. ఎత్తు గడపలు దాటి, మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాత్రిపూట పెరట్లోని బాత్రూంకి వెళ్లగలరా? లేకపోతే ఆవిడ పడుకునే గదికి ఆనించి బాత్రూం కట్టే ఖర్చు కూడా కలపాలి. ఇల్లు నచ్చిన ఉత్సాహంలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే, తర్వాత గొడవలు మొదలయ్యేదీ దీని దగ్గరే.

ధర, మరమ్మతు, ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి, దాటకూడని ఒక అంకె ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. మరమ్మతుకు మేస్త్రి చెప్పినదాని మీద పావువంతు ఎక్కువే వేసుకోండి, పెంకులు దించాక గానీ అసలు సంగతి బయటపడదు.

పెద్దబ్బాయి తొందరపెడితే, చెల్లెళ్ల సంతకాలు ఎప్పటికి సిద్ధమవుతాయో అడగండి. బయానా ఆ తర్వాతే, అదీ అందరూ సంతకం చేసిన అగ్రిమెంటు మీదే ఇవ్వండి.