బీటిల్స్ ఫొటోల్లో నా ఓటు ఋషికేశ్‌వాటికే

ప్రశ్న: పేరున్న రాక్ బ్యాండ్లను పనిలో ఉన్నప్పుడు, తీరిగ్గా ఉన్నప్పుడు పోజు లేకుండా తీసిన ఫొటోల్లో మీకు నచ్చినవి ఏవి? అవి అంత సహజంగా ఎలా వచ్చాయంటారు?

రాక్ బ్యాండ్లలో నాకు బాగా తెలిసింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్ బీటిల్స్ ఒక్కటే. అందులోనూ వాళ్ళ పాటలకంటే వాళ్ళ ఫొటోలే ఎక్కువ తెలుసు. తెనాలిలో ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, ఫిల్ము రోజుల నుంచి పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. 1968లో ఋషికేశ్‌లో పాల్ సాల్ట్‌జ్‌మన్ అనే కెనడా కుర్రాడు తీసిన ఫొటోలే అన్నిటికంటే గొప్పవి. మిగతావన్నీ వాటి తర్వాతే.

ఈ మాట అనగానే అందరూ దిండ్ల యుద్ధం ఫొటో ముందుకు తెస్తారు. 1964 జనవరిలో పారిస్‌లోని జార్జ్ సాంక్ హోటల్ గదిలో హ్యారీ బెన్సన్ అనే ఫొటోగ్రాఫర్ తీసింది. అమెరికాలో వాళ్ళ పాట నంబర్ వన్ అయిందని కబురు వచ్చిన రాత్రి, నలుగురూ మంచం మీద దిండ్లతో కొట్టుకుంటూ ఉంటారు. చాలా అందమైన ఫొటో, కాదనను. కానీ ఆ ఆలోచన అందించింది బెన్సనే. అంతకుముందు వాళ్ళు దిండ్ల ఆట గురించి మాట్లాడుకోవడం విని, ఇప్పుడు ఆడితే ఎలా ఉంటుందని అడిగాడు. చిన్నపిల్లల్లా ఏమిటిదని జాన్ లెనన్ ముందు కొట్టిపారేసి, ఆ వెంటనే వెనక నుంచి వచ్చి పాల్ మెక్‌కార్ట్నీని దిండుతో ఒక్కటి వేశాడు. ఆ తర్వాత జరిగిందంతా నిజమైన ఆటే, ఒప్పుకుంటాను. అయినా అది ఒకరు మొదలుపెట్టించిన ఆట. ఆ గదిలో ఫొటోగ్రాఫర్ ఉన్నాడన్న సంగతి నలుగురికీ తెలుసు, అతనికి ఫొటో కావాలనీ తెలుసు.

సాల్ట్‌జ్‌మన్ సంగతి వేరు. అతను బీటిల్స్ కోసం రాలేదు. ఒక డాక్యుమెంటరీకి సౌండ్ పని మీద మన దేశానికి వచ్చాడు. ప్రేమించిన అమ్మాయి ఇంక వద్దని ఉత్తరం రాస్తే, మనసు విరిగి, ధ్యానం నేర్చుకుందామని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వెళ్ళాడు. లోపల బీటిల్స్ ఉన్నారు, ఎవరినీ లోపలికి రానివ్వం అన్నారు. గేటు దగ్గర డేరాలో ఎనిమిది రోజులు ఎదురుచూశాక లోపలికి పిలిచారు. ఒక రోజు గంగ ఒడ్డున కొండ అంచు మీద బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళను చూసి, నేనూ కూర్చోవచ్చా అని అడిగాడు. కుర్చీ లాక్కుని కూర్చోమన్నారు. ఫొటోలు తీసుకోవచ్చా అని కూడా అడిగే తీశాడు. వారం రోజుల్లో మొత్తం తీసినవి యాభై చిల్లర! తర్వాత వాటిని ఇంట్లో పెట్టెలో పడేసి ముప్పై ఏళ్ళకు పైగా బయటికే తీయలేదు.

ఈ ఫొటోలను నేను ఆ ఆశ్రమంలోనే చూశాను. చార్‌ధామ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ ఋషికేశ్‌లో ఆంధ్రాశ్రమంలో దిగాం. మా అక్కయ్య, బావగారు కూడా ఉన్నారు. మా టూర్ నడిపినతను మాత్రం అక్కడ చూడ్డానికేముంది, పాడుబడ్డ కొంపలు తప్ప అన్నాడు. మన వాళ్ళని తీసుకెళ్ళే టూర్ల తీరంతా ఇంతే. గుడి దగ్గర పది నిమిషాలు, బట్టల కొట్టు దగ్గర గంటన్నర. నేను బావగారిని వెంటబెట్టుకుని రామ్‌ఝూలా దాటి, స్వర్గాశ్రమం మీదుగా నడుచుకుంటూ వెళ్ళాను. ఆ చోటుని ఇప్పుడు చౌరాసీ కుటియా అంటున్నారు. అడవి శాఖ చేతిలో ఉంది, రాజాజీ పులుల అభయారణ్యంలో భాగం. ఏళ్ళ తరబడి మూతపడి ఉన్నదాన్ని 2015 చివర్లో జనానికి తెరిచారు. గంగలో దొరికే గులకరాళ్ళు పొదిగిన గుండ్రటి ధ్యాన గదులు వరసగా ఉంటాయి. లోపల సాల్ట్‌జ్‌మన్ ఫొటోలు గోడలకు పెట్టారు.

మా బావగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. బీటిల్స్ పేరు అదే మొదటిసారి వినడం. జాన్, పాల్ మెట్ల మీద గిటార్లతో కూర్చున్న ఫొటో దగ్గర ఆగిపోయారు. అది బ్యాండులో డ్రమ్స్ వాయించే రింగో ఉన్న కాటేజీ మెట్లు. కాసేపు దగ్గరకెళ్ళి, కాసేపు వెనక్కొచ్చి చూసి, "వీళ్ళు పాడటం లేదోయ్, పాట కట్టుకుంటున్నారు" అన్నారు.

"ఎలా చెప్పగలరు బావగారూ?"

"పాట వచ్చేసినవాడు జనం వంక చూస్తాడు. వీళ్ళ చూపు చూడు, కిందికుంది. తర్వాతి ముక్క ఏమిటా అని వెతుక్కుంటున్నారు. మేమూ ఇంతే, నాటకానికి ముందు రోజు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే సాల్ట్‌జ్‌మన్ చెప్పింది కూడా అదే. అప్పుడు వాళ్ళు 'ఓబ్లాడీ ఓబ్లాడా' కడుతున్నారు, పల్లవి తప్ప ఇంకా ఏమీ తయారవలేదట. ఇంగ్లీషు పాట ఒక్కటీ వినని మనిషి, ఫొటో చూసి, పాట ఎంతవరకు వచ్చిందో చెప్పేశాడు! ఒక ఫొటోకి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉందంటే నేను నమ్మను. ఆ ఏడాది నవంబరులో వచ్చిన, 'వైట్ ఆల్బమ్' అని పిలిచే తెల్ల అట్ట రికార్డులో చాలా పాటలు ఆ కొండ మీద పుట్టినవే. అవి పుడుతున్న సమయంలో పక్కన కెమెరాతో ఉన్నా, వాళ్ళకు అడ్డంకిగా అనిపించని మనిషి ఇతను.

అవి ఎలా వచ్చాయని కదా అడిగారు. చాటుగా తీయడం వల్ల కాదు. ఇది నేను గట్టిగా చెప్తాను. దూరం నుంచి పెద్ద లెన్సు వేసి చాటుగా తీస్తే దొరికేది మనిషి మొహమే, మనిషి దొరకడు. అడిగి, కూర్చుని, వాళ్ళతో టీ తాగి, కెమెరా పక్కన పెట్టినవాడికే ఆ చూపు దొరుకుతుంది. ఫిల్ము ఖరీదైనది కావడం కూడా మంచిదే అయింది. రీలుకు ముప్పై ఆరు ఫ్రేములే ఉంటే, నొక్కేముందు మనిషిని చూస్తాం.

ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో 'క్యాండిడ్' అని వేరే ప్యాకేజీ అమ్ముతున్నారు. నాకు ఒళ్ళు మండే విషయం ఇది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పురోహితుడి మంత్రానికి అడ్డొచ్చి, "సార్, ఒక్కసారి మేడమ్ వంక చూసి నవ్వండి" అంటారు. తలంబ్రాలు సరిగ్గా పడలేదని మళ్ళీ పోయిస్తారు. పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఉంటే ఆమెకీ పెళ్ళికూతురికీ మధ్య లైటు పట్టుకున్నవాడు నిలబడతాడు. ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా ఏం జరిగిందో ఆల్బమ్ తిరగేస్తే ఎక్కడా కనిపించదు. కుర్రాళ్ళకి చెప్పినా వినరు, కస్టమర్లు ఇవే అడుగుతున్నారంటారు. కస్టమరుకి తెలియదు, చెప్పాల్సింది మనమే.

బీటిల్స్‌లో వాళ్ళంతట వాళ్ళు తీసుకున్నవి కూడా ఉన్నాయి. పాల్ మెక్‌కార్ట్నీ 1963 చివర్లో, 64 మొదట్లో పెంటాక్స్ కెమెరాతో తీసిన ఫొటోలు 2023లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ప్రదర్శించారు. నా లెక్కలో రెండో స్థానం వీటిది. న్యూయార్క్‌లో కారు వెనక పరుగెత్తుకొస్తున్న అభిమానులను కారు లోపలి నుంచి తీసిన ఫొటో ఒక్కటి చూడండి చాలు. అన్నేళ్ళూ మనం కారు బయట నిలబడి వాళ్ళను చూశాం, అందులో వాళ్ళు మనల్ని చూస్తున్నారు. కానీ తీసేవాడే బ్యాండులో ఉన్నాడు కాబట్టి, నలుగురూ కలిసి ఉన్నప్పుడు ఎలా ఉండేవారన్నది అతని ఫొటోల్లో పూర్తిగా దొరకదు. ఆ లోటు సాల్ట్‌జ్‌మన్ దగ్గర లేదు.

ఋషికేశ్ వెళ్తే ఉదయమే చౌరాసీ కుటియాకు వెళ్ళండి. టికెట్ ఉంటుంది, నడక కొంచెం ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆటో మాట్లాడుకోండి. టూరు డబ్బు కట్టేముందే అక్కడికి తీసుకెళ్తారా అని అడిగి ఒప్పించుకోండి, బస్సెక్కాక అడిగితే ఎవరూ వినరు. గిటారో, హార్మోనియమో, డోలో వాయించే వాళ్ళెవరైనా మీ ఇంట్లో ఉంటే వాళ్ళను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.