సర్వేకి వెళ్లే ముందు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

క్యాసినోల మీద జనం అభిప్రాయం అడగడానికి నువ్వు పంపిన ప్రశ్నావళి చదివాను. మొదటి ప్రశ్నే కొట్టేయాలమ్మా. "మీ ప్రాంతంలో క్యాసినోలు, పర్యాటకం పెరగడాన్ని సమర్థిస్తారా?" అన్నావు. హోటళ్లు, రోడ్లు రావాలి గానీ జూదం వద్దు అనుకునేవాళ్లు దీనికి ఎక్కడ టిక్కు పెట్టాలి? నాకు తగిలినవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. రెంటినీ విడదీయి.

"ఉద్యోగాలొచ్చాయి, మంచిదే. మావాడు మాత్రం అటు పోకుంటే చాలు." ఒకే నోట ఇలా రెండు మాటలొస్తే కంగారుపడకు, ఒక గడిలో ఇరికించకు. సింగపూర్ ప్రభుత్వం చేసిందీ అదేగా! 2010లో రెండు క్యాసినోలు తెరవనిచ్చి, విదేశీయుల్ని ఊరికే రానిచ్చి, తమ పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రం రోజుకు 100 సింగపూర్ డాలర్ల ప్రవేశ రుసుము పెట్టింది. 2019లో దాన్ని 150 చేసింది.

క్యాసినోకి ఎంత దూరంలో ఉంటున్నారో తప్పకుండా అడుగు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర ఓటర్లు 1974లో క్యాసినోలు వద్దన్నారు. ఒక్క అట్లాంటిక్ సిటీలోనే పెడతామనేసరికి 1976లో సరేనన్నారు. అదే నగరంలో 2014లో ఒక్క ఏడాదిలో నాలుగు క్యాసినోలు మూతపడ్డాయి. అంతకు ముందు అడిగినా, తర్వాత అడిగినా ఒకే జవాబు వస్తుందంటావా? అందుకే ప్రతి కాగితం మీదా తేదీ వెయ్యి. సొంతిల్లా, అద్దిల్లా అన్నదీ రాసుకో. అద్దెలు పెరిగితే ఒకరికి పండగ, ఇంకొకరికి టెన్షన్.

పొద్దున పదింటికి తలుపు తడితే క్యాసినోలో రాత్రి షిఫ్టు చేసొచ్చిన డీలర్లు (ముక్కలు పంచేవాళ్లు), వంటవాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్ల మాట లేకుండా లెక్క తేల్చేస్తే అది సగం ఊరి అభిప్రాయమే. సాయంత్రాలు కూడా తిరగాలి, తప్పదు.

ఇక అసలు చిక్కు జూదం, దాని అప్పుల దగ్గర. "మీ ఇంట్లో ఎవరైనా ఆడతారా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, లోపలికి ఒకసారి చూసి "అబ్బే, లేదండీ" అంటారు. ఆ ప్రశ్న వేరే కాగితం మీద పెట్టి, వాళ్లనే నింపి కవర్లో అంటించి ఇమ్మను. పేరు రాయించకు. వీధులు కూడా గమనించు. దక్షిణ కొరియాలో బొగ్గు గనులు మూతపడ్డ ప్రాంతాన్ని నిలబెట్టడానికి 2000లో కాంగ్వోన్ ల్యాండ్ క్యాసినో తెరిచారు. ఆ చుట్టుపక్కల కార్లు తాకట్టు పెట్టుకునే దుకాణాలు వెలిశాయి. అలాంటి బోర్డు కనిపిస్తే ఆ యజమానితోనూ మాట్లాడు. అతనికి తెలిసింది నీ ప్రశ్నావళికి దొరకదు.

మార్చిన కాగితాన్ని ముందు ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లతో నింపించు. పెన్ను ఎక్కడ ఆగుతోందో గుర్తుపెట్టుకుని, ఆ ప్రశ్నలు సరిచేశాక నాకు పంపు.

మామయ్య