ఆఫ్రికా దేశం మలావి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి, అత్త ఆశీస్సులు.

నీ పరిశోధనకు మలావిలో అనుమతి వచ్చిందని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. అందులోనూ జోంబా జిల్లా అనేసరికి సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు. నేను జ్వరాలు పడి, పని నేర్చుకుని, స్నేహితులను సంపాదించుకున్న చోటికే నువ్వు పీహెచ్‌డీ పని మీద వెళ్తున్నావు. పిల్లలకు టీకాలు ఎందుకు మధ్యలో ఆగిపోతున్నాయో తల్లులనే అడిగి తెలుసుకోవాలనుకోవడం మంచి ఆలోచన. మన ఇంట్లో ఆ దారి పట్టిన రెండో మనిషివి నువ్వు. ఆ తరువాత మీ నాన్న మరో మాట కూడా అన్నాడు. "మాట్లాడటంతో పాటు పిల్లల వేలి నుంచి చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ కూడా చూస్తుందట. గైడు యంత్రం అరువిస్తానన్నాడట." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు ముందు చెప్పేస్తాను. మలేరియా మాత్రలు మానకు, దోమతెర లేకుండా పడుకోకు. మలావి సరస్సు ఎంత అందంగా ఉన్నా ఒడ్డు నీళ్లలో దిగకు, నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా అక్కడ ఉంది. నవంబరు చివర మొదలైన వానలు ఏప్రిల్ దాకా ఉంటాయి, మట్టిరోడ్ల మీద బండి కదలదు. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లలో మొక్కజొన్న నిండుకునే నెలలు. పొద్దున్నే కూలికి పోవలసిన తల్లిని ఆ రోజుల్లో గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకు. సమ్మతి పత్రం చిచేవా భాషలో ఉంటే చాలనుకోకు, జోంబాలో యావో మాట్లాడే ఊళ్లూ ఉన్నాయి. చదవడం రాని తల్లి వేలిముద్ర వేసేటప్పుడు పక్కన నీ బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా చెప్పకుండా ఉండలేను.

ఇక అసలు విషయం. నీకు అనుమతి ఇచ్చింది ఏ కమిటీయో ఆ పత్రం తీసి మళ్లీ చూడు. రాజధాని లిలాంగ్వేలో జాతీయ శాస్త్ర సాంకేతిక కమిషన్ కింద సామాజిక శాస్త్రాల పరిశోధనలను పరిశీలించే కమిటీ ఒకటి ఉంది. ఆరోగ్య పరిశోధనలకు జాతీయ కమిటీ వేరే ఉంది. బ్లాంటైర్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి సొంత ఎథిక్స్ కమిటీ ఉంది. నీ పత్రం మొదటి కమిటీ ఇచ్చింది. నువ్వు రాసిచ్చిన ప్రశ్నలకు, రాసిచ్చిన ఊళ్లకు, రాసిచ్చిన కాలానికి మాత్రమే అది చెల్లుతుంది. సూది అందులో లేదు. రక్తం తీయాలంటే సవరణ కోరాలి. అది ఆరోగ్య పరిశోధన కిందికి వస్తుంది కనుక రెండో కమిటీ గడప కూడా ఎక్కవలసి వస్తుంది. వారాలు పడుతుందా? పట్టనీ. నీ ఫెలోషిప్ గడువు ఆ ఊరి బిడ్డల బాధ్యత కాదు.

"ఒక్క చుక్కకే ఇంత రాద్ధాంతమా అత్తా" అంటావని తెలుసు. మలావిలో రక్తం మామూలు మాట కాదమ్మా. 2002లో కరువు వచ్చినప్పుడు, తిండిగింజలకు బదులుగా ప్రభుత్వమే ప్రజల రక్తాన్ని విదేశీ సంస్థలకు ఇస్తోందని పుకారు పుట్టింది. అది అబద్ధమని దేశాధ్యక్షుడే చెప్పుకోవలసి వచ్చింది. 2017లో ములాంజే, ఫలోంబే జిల్లాల్లో రక్తం పీల్చేవాళ్లు తిరుగుతున్నారన్న భయంతో మూకలు మనుషులను కొట్టి చంపాయి. రాత్రిపూట కర్ఫ్యూ పెట్టారు. ఐక్యరాజ్యసమితి తన సిబ్బందిని అక్కడి నుంచి వెనక్కి తీసుకుంది. ఆ రెండు జిల్లాలూ జోంబాకు దూరమేమీ కాదు.

చదువులేని జనం మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ల మాట వినకు. వాళ్ల గుమ్మంలో నిలబడి చూడు. ఎవరో తెలియనివాళ్లు కారులో వస్తారు. మూతపెట్టిన పెట్టె తెస్తారు. బిడ్డ వేలు పొడిచి, ఏదో రాసుకుని, సబ్బు బిళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆ రక్తం ఏమైందో, అందులో ఏం కనబడిందో చెప్పడానికి మళ్లీ ఎవరూ రారు. అప్పుడు ఆ తల్లి ఏమనుకోవాలి?

నేను అక్కడ ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఒకటి ఇంతవరకు మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఒక విదేశీ బృందం పసిపిల్లల తిండి మీద సర్వే చేస్తోంది. బరువు తూయడానికి, పొడవు కొలవడానికి, తల్లులను ప్రశ్నలు అడగడానికి అనుమతి ఉంది. జిల్లా కమిషనర్‌ను, జిల్లా ఆరోగ్యాధికారిని, ఆ ప్రాంతపు పెద్దను, ఆయన కింద ఊరి పెద్దలను వరసగా కలిశారు. అంతవరకు అన్నీ పద్ధతిగానే చేశారు. ఆ ఊరి పెద్ద ఒక ముసలావిడ. చెట్టు కింద ఊరందరినీ పిలిచి, "వీళ్లు పిల్లలను తూస్తారు, మాట్లాడతారు, అంతే. రక్తం తీయరు" అని చెప్పింది. వాళ్ల మనసులో ఉన్న భయం ఆమెకు తెలుసు. అందుకే ఎవరూ అడగకముందే ఆ మాట ఇచ్చింది.

సర్వే సగంలో ఉండగా బృందం నాయకుడికి హిమోగ్లోబిన్ చూసే పరికరాలు చేతికొచ్చాయి. వానలు దగ్గరపడ్డాయి, కమిటీకి రాస్తే ఆలస్యమవుతుంది, ఎలాగూ పిల్లలకు మేలే కదా అనుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. రక్తహీనత ఉన్న పిల్లలకు ఇవ్వడానికి ఐరన్ మందు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున వేళ్లు పొడవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికల్లా పక్క ఊళ్లకు కబురు పాకింది. సాయంత్రం బండి తిరిగి వస్తుంటే దారికి అడ్డంగా దుంగలు పడి ఉన్నాయి. రాళ్లు పడ్డాయి. డ్రైవరు నుదురు చిట్లింది. ఆ ముసలావిడే పరుగున వచ్చి, బండికీ జనానికీ మధ్య నిలబడి, వాళ్లను ప్రాణాలతో పంపించింది.

నాయకుడు ఆ వారంలోనే లిలాంగ్వే చేరి, అక్కడి నుంచి తన దేశం వెళ్లిపోయాడు. ప్రశ్నలు అడిగే పనికి కుదిరిన స్థానిక కుర్రాడికి మాత్రం వెళ్లడానికి వేరే దేశం లేదు. వాళ్ల అమ్మ ఉండేది పక్క ఊళ్లోనే. రక్తం అమ్ముకున్నవాడన్న పేరు పడ్డాక ఇంటి ముఖం చూడకుండా పట్నంలో తలదాచుకున్నాడు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. నెలనెలా టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త చెట్టు కింద తక్కెడ వేలాడదీసి కూర్చుంటే, తల్లులు బిడ్డలను తీసుకురావడం మానేశారు. చిన్నీ, నువ్వు దేని గురించి పరిశోధన చేయడానికి వెళ్తున్నావో అదే అక్కడ జరిగింది.

సర్దిచెప్పి రమ్మని నన్ను, ఒక మలావి నర్సును పంపారు. ఆ ఊరి పెద్దావిడ చాప వేసి కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది. కోప్పడలేదు. "కాగితం మీద సంతకం మీరు తెచ్చుకున్నారు. ఊరివాళ్లకు మాట ఇచ్చింది మాత్రం నేను" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత ఆమె మాట ఊళ్లో మునుపటిలా చెల్లలేదని నర్సు ద్వారా తెలిసింది.

ఇది అక్కడి గొడవే అనుకోకు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో ఏం జరిగిందో నీకు గుర్తుండకపోవచ్చు, అప్పుడు చిన్నపిల్లవి. వేలమంది ఆడపిల్లలకు టీకా వేశారు, అందులో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. ఆ టీకా మంచిదే. అడగవలసినవాళ్లను అడగకపోవడం వల్ల మంచి టీకాకు కూడా చెడ్డపేరు వచ్చింది. అడగవలసినవాళ్లెవరన్నది కూడా ప్రతిచోటా ఒకటే కాదు. మలావి దక్షిణాన, మధ్య ప్రాంతంలో చాలా కుటుంబాల్లో భూమి తల్లి వైపు నుంచి వస్తుంది, పెళ్లయ్యాక మొగుడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు, ఇంటి విషయాల్లో మేనమామ మాటకు విలువ ఎక్కువ. భర్త సరేనంటే అయిపోయిందని అనుకోకు. ఆ అమ్మాయినే అడుగు. ఎవరితో మాట్లాడి చెప్పాలనుకుంటుందో, వాళ్లతో మాట్లాడేంత సమయం ఇవ్వు.

నిన్ను భయపెట్టి ఆపాలని కాదు తల్లీ. పద్ధతిగా అడిగితే ఆ దేశంలో జనం ఎంత ఇస్తారో నాకు తెలుసు. బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో, మెదడుకు పాకిన మలేరియా అనుకున్న జబ్బుతో చనిపోయిన పిల్లల తల్లిదండ్రులను, బిడ్డ దేహాన్ని పరీక్షించనిస్తారా అని పరిశోధకులు అడిగారు. అంత దుఃఖంలోనూ కొందరు ఒప్పుకున్నారు. అలా పరీక్షించిన 31 మందిలో 7 మంది వేరే కారణంతో చనిపోయారని 2004లో వెల్లడైంది. మలేరియా వైద్యం గురించిన ఆలోచననే ఆ తల్లిదండ్రులు మార్చారు. 2018లో అదే నగరంలో దాదాపు 28,000 మంది పిల్లలతో టైఫాయిడ్ టీకా పరీక్ష మొదలైంది. ఆ టీకా తయారైంది మన హైదరాబాదులో, భారత్ బయోటెక్‌లో. జబ్బు రాకుండా 80 శాతానికి పైగా కాపాడిందని 2021లో ఫలితాలు వచ్చాయి, 2023లో దేశమంతటా పిల్లలకు వేశారు. అక్కడి తల్లులు బిడ్డలను తెచ్చి ఒప్పుకోకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

కాబట్టి చేయవలసింది చెబుతాను. హిమోగ్లోబిన్ నిజంగా నీ ప్రశ్నకు అవసరమా, లేక యంత్రం దొరికింది కదా అని చూస్తున్నావా? ముందు అది తేల్చుకో. నాకైతే అవసరం కనబడటం లేదు. తల్లి టీకా కేంద్రానికి ఎందుకు రాలేదో ఆమె బిడ్డ రక్తం చెప్పదు. కాదు, కావాలి అంటావా? అయితే సవరణ అనుమతి చేతికి వచ్చేదాకా ఆ యంత్రం పెట్టెలోంచి తీయకు. వచ్చాక మళ్లీ ఊరి పెద్ద దగ్గరికి వెళ్లి, మొదట చెప్పినదానికంటే ఏం మారిందో చెప్పి, ఆమె జనాన్ని పిలిచి చెప్పేదాకా ఆగు. రక్తం తక్కువున్న బిడ్డకు మందు ఏ కేంద్రంలో, ఎవరు ఇస్తారో ముందే రాసుకో. ఎవరి ఫలితం వాళ్లకు అక్కడే చెప్పు.

నీతో పనిచేసే స్థానిక పిల్లల సంగతే నాకు నీకంటే ఎక్కువ దిగులు. నీకు తిరుగు టికెట్టు ఉంది. పుకారు పుడితే ఎవరికి ఫోను చేయాలి, బండి ఎటు తిప్పాలి, ఏ రోజు పని ఆపాలి అన్నవి వాళ్లతోనే కూర్చుని తేల్చు. "ఈ రోజు వద్దు మేడమ్" అని వాళ్లలో ఎవరన్నా, కారణం అడగకుండా ఆగిపో. ఆ రోజు కూలి మాత్రం తగ్గించకు.

ఎక్కువ మందలించానేమో. మీ నాన్నకు నీ చదువు గురించే చెప్పాను, ఈ రాళ్ల సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు, వాడికి రక్తపోటు. ఫలితాలు చెప్పడానికి ఆ ఊళ్లకు తిరిగి వెళ్లే ఖర్చు నీ బడ్జెట్టులో నాకు కనబడలేదని మీ నాన్న పంపిన కాగితాలు చూశాక అనిపించింది. పెట్రోలు, ఒక పూట భోజనాలు, యావో మాట్లాడే మనిషికి కూలి, అంతే కదా. ఎంతవుతుందో లెక్కవేసి ఈ ఆదివారం లోపల పంపు. విశ్వవిద్యాలయం ఇవ్వనంటే నా పెన్షన్‌లోంచి ఇస్తాను.

నీ అత్త