వాక్యానికి కర్త ఎవరు? (భద్రమైన అభ్యంగన పాఠాలు రాస్తున్న యువ రచయితకు లేఖ)

చిరంజీవికి,

క్రీస్తు ప్రభువునందు ఆశీస్సులు.

నీవు పంపిన 12 పాఠాల రాతప్రతిని రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదువుకుంటూ పోయాను, రెండోసారి పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారిని పవిత్రాత్మతో బలపరచే సంస్కారమైన భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడుతున్న 14, 15 ఏళ్ల పిల్లల కోసం కతోలిక విశ్వాసంలోని ముఖ్య సత్యాలను రాయడానికి పూనుకున్నందుకు ముందుగా సంతోషం తెలుపుతున్నాను. పెద్దలకు రాసేటప్పుడు మనం కొంత తప్పినా వాళ్లు సర్దుకొని చదువుకుంటారు. ఈ వయసు పిల్లలు సర్దుకోరు, పుస్తకం మూసేస్తారు. నీ భాష తేటగా ఉంది, పిల్లల మీద నీకు ప్రేమ ఉందని ప్రతి పుటలోనూ తెలుస్తోంది. అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

నాలుగో పాఠంలోని ఒక పుటను తీసుకొని ప్రతి వాక్యానికీ కర్త ఎవరో గీత గీసి చూశాను. "మనం నమ్మాలి", "మనం సాక్షులుగా నిలవాలి", "మనం నిర్ణయించుకోవాలి" అంటూ 23 వాక్యాలలో 19 వాక్యాలకు కర్త "మనం". సర్వేశ్వరుడు కర్తగా ఉన్న వాక్యాలు రెండే, ఆ రెండింటిలోనూ ఆయన "ఆశిస్తాడు", "కోరుకుంటాడు" తప్ప ఏ పనీ చేయడు. ఆ పుట చదివిన పిల్లవాడికి దేవుడు దూరంగా కూర్చొని మార్కులు వేసే పరీక్షాధికారిగా కనిపిస్తాడు. నీ మనసులో ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, కాని వాక్యనిర్మాణం ఆ మాటే చెబుతోంది. కతోలిక విశ్వాసం మొదట మనం చేయవలసిన పనుల జాబితా కాదు, దేవుడు చేసిన పనుల కథనం. అపోస్తలుల విశ్వాస సంగ్రహంలోని క్రియలను చూడు: జన్మించెను, పాటుపడెను, మరణించెను, లేచెను, ఎక్కెను, రానున్నాడు. వాటన్నిటికీ కర్త ఒక్కడే. మనకు మిగిలినది "విశ్వసించుచున్నాను" అనే ఒకే క్రియ.

ఈ దోషం నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా మొదటి పుస్తకమంతా అలాగే రాశాను. పవిత్రాత్మ ఏడు వరాలను వారంలో ఏడు రోజులకు పంచి, ఒక్కో రోజు పిల్లలు సాధించవలసిన ఒక్కో సుగుణంగా మార్చాను. ఆ పుస్తకంతో పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి, "జ్ఞానస్నానంలోనే పవిత్రాత్మ వచ్చాడన్నారు కదా, మరి ఇప్పుడు మళ్లీ ఎందుకు?" అని అడిగింది. జవాబు కోసం పుస్తకం తిరగేశాను. నేనే రాసిన పుస్తకంలో దానికి జవాబు లేదు. అభ్యంగనాన్ని నేను పిల్లల నిర్ణయంగా వర్ణించాను గనుక, దేవుడు అందులో కొత్తగా ఏమి చేస్తాడో రాయవలసిన అవసరమే నాకు కనిపించలేదు. ఆ ప్రశ్నను నీ పుస్తకంలో మొదటి పుటలోనే పెట్టమని నా సలహా.

జవాబు సువిశేషంలోనే ఉంది. యోహాను సువిశేషం 20వ అధ్యాయంలో, పునరుత్థాన దినాన సాయంకాలం, మూసిన తలుపుల వెనుక ఉన్న శిష్యుల మీద యేసు శ్వాస ఊది పవిత్రాత్మను పొందమన్నాడు. పొందారు. అయినా వారం తరువాత కూడా ఆ తలుపులు మూసే ఉన్నాయి. పునరుత్థానం తరువాత యాభయ్యో రోజైన పెంతెకోస్తు నాడు అదే ఆత్మ వారి మీదికి దిగినప్పుడు తలుపులు తెరుచుకున్నాయి, పేతురు వీధిలో నిలబడి మాట్లాడాడు. ఇద్దరు వేర్వేరు ఆత్మలు రాలేదు, మొదటిసారి ఇచ్చినది లోపభూయిష్టమూ కాదు. జీవాన్ని ఇచ్చిన ఆత్మే ఆ జీవాన్ని బలపరచి బయటికి పంపాడు. అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సమరియవాసులు అప్పటికే జ్ఞానస్నానం పొంది ఉన్నారు. పేతురు, యోహానులు వచ్చి చేతులు చాచినప్పుడు వారు పవిత్రాత్మను పొందారు. కతోలిక సంఘమైన శ్రీసభ భద్రమైన అభ్యంగనానికి మూలాన్ని అక్కడ చూస్తుంది. ఈ రెండు ఘట్టాలనూ పిల్లల చేత పూర్తిగా చదివించు, సారాంశం రాసి సరిపెట్టకు.

ఆ తరువాత పూజలో జరిగే కార్యక్రమాన్నే వరుసగా రాయి. పాఠాలు రాసేవాళ్లలో చాలామంది దీన్ని చివరి పుటలో "ఆ రోజు పాటించవలసిన సూచనలు" అనే శీర్షిక కింద పెడతారు. నా ఉద్దేశంలో అదే పుస్తకానికి వెన్నెముక కావాలి. ముందుగా పిల్లలు తమ జ్ఞానస్నాన వాగ్దానాలను నూతనపరచుకుంటారు. శిశువులుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు చెప్పిన జవాబులను ఇప్పుడు తమ నోట చెబుతారు. తరువాత పీఠాధిపతి (బిషప్) అందరి మీదికి చేతులు చాచి, ఏడు వరాలను పేరుపేరునా పలుకుతూ తండ్రిని ప్రార్థిస్తాడు. ఆ తరువాత ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి, క్రిస్మా అనే పవిత్ర పరిమళ తైలంతో నుదుటి మీద సిలువ గుర్తు వేసి, పవిత్రాత్మ అనే వరపు ముద్రను స్వీకరించమంటాడు. 1971లో ఆరవ పౌలు పోపుగారు ఖాయం చేసిన ఈ మాట తూర్పు శ్రీసభల ప్రాచీన సంప్రదాయం నుండి వచ్చింది. తోడుగా నిలిచిన వ్యక్తి కుడిచేయి ఆ సమయంలో పిల్లవాడి భుజం మీద ఉంటుంది. ఆ ముద్రకు జవాబుగా పిల్లవాడు పలికేది "ఆమెన్" అనే ఒక్క మాట. ఇంత కార్యంలో అతని వంతు ఒక్క మాటే ఎందుకైందో ఆలోచించమని అడుగు. ఒక పాఠానికి అంతకంటే మంచి ప్రశ్న నాకు తోచదు.

మన భాషలో ఈ సంస్కారానికి ఉన్న పేరు కూడా నీకు సాయపడుతుంది. అభ్యంగనం అంటే నూనె రాయడం. రాసే చేయి వేరు, రాయించుకునే తల వేరు. క్రీస్తు అనే పేరుకు అర్థం అభిషిక్తుడు, క్రిస్మా అనే మాటదీ అదే ధాతువు. ముద్ర అనే మాట దగ్గర కొంచెం ఆగు. ముద్ర వేసినవాడి పేరు ముద్రితమైన వస్తువు మీద ఉంటుంది, ఆ వస్తువు ఎవరిదో అది చెబుతుంది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురువులను నియమించే గురుపట్టం ఆత్మ మీద చెరిగిపోని ముద్ర వేస్తాయని, అందుకే వాటిని ఒక్కసారే ఇస్తారని శ్రీసభ బోధిస్తుంది. రేపు ఈ పిల్లలలో ఎవరైనా విశ్వాసానికి దూరమైనా ఆ ముద్ర పోదు. ఈ వాక్యం తప్పకుండా రాయి. పదేళ్ల తరువాత వాళ్లలో ఒకరికి అదే అవసరపడవచ్చు.

"ఇప్పుడు మీరు పెద్దవాళ్లయ్యారు, మీ విశ్వాసాన్ని మీరే ఎంచుకుంటున్నారు" అని నీవు ఆరో పాఠాన్ని మొదలుపెట్టావు. వినడానికి బాగుంటుంది గాని సరికాదు. తూర్పు శ్రీసభలు శిశువుకు జ్ఞానస్నానం ఇచ్చిన వెంటనే ఈ అభ్యంగనమూ ఇస్తాయి. ఇది వయసు వచ్చిందని ఇచ్చే యోగ్యతాపత్రమైతే ఆ శిశువులు దాన్ని ఎలా పొందుతారు? 1910లో పదవ పయస్ పోపుగారు పిల్లలకు సుమారు ఏడేళ్లకే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే క్రీస్తు శరీరం, ఇవ్వాలని నిర్దేశించడంతో, చాలాచోట్ల అభ్యంగనం దాని తరువాతికి జరిగి, కౌమార వయసుకు చేరింది. వయసు మారింది, సంస్కారపు అర్థం మారలేదు. శరీరపు వయసు ఆత్మ వయసును నిర్ణయించదని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలువరించిన, శ్రీసభ అధికారిక బోధను వివరించే సత్యోపదేశ గ్రంథమూ ఆ మాటనే గుర్తుచేస్తుంది. పెద్దరికం ఇస్తున్నామని చెబితే, పెద్దరికం వచ్చాక ఇక గుడితో పని లేదని పిల్లలు అనుకోవడంలో వింతేముంది?

త్రిత్వం గురించిన పాఠంలో నీరు, మంచు, ఆవిరి పోలిక తెచ్చావు. దయచేసి తీసెయ్యి. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, మరొకసారి ఆత్మగా కనిపిస్తాడనే బోధ 3వ శతాబ్దంలో సబెల్లియసు పేరుతో ప్రచారమైంది, శ్రీసభ దాన్ని తిరస్కరించింది. నీ పోలిక చెప్పేది సరిగ్గా అదే. అది నిజమైతే, యోర్దానులో కుమారుడు నీటిలో నిలిచి ఉండగా తండ్రి స్వరం వినిపించడం, ఆత్మ పావురంవలె దిగడం ఒక్కరే వేసిన మూడు వేషాలవుతాయి. గెత్సేమనిలో యేసు చేసిన ప్రార్థనను విన్నవాడే లేడవుతాడు. పోలిక లేకుండానే రాయవచ్చు: దేవుడు ఒక్కడే, తండ్రి కుమారుణ్ణి అనాదిగా కంటాడు, కుమారుడు తండ్రి నుండి జనిస్తాడు, పవిత్రాత్మ ఆ ఇద్దరి నుండి బయల్వెడలుతాడు, ముగ్గురిదీ ఒకే దైవస్వభావం. "వ్యక్తి" అనే మాట వినగానే పిల్లలు ముగ్గురు వేర్వేరు మనుషులను ఊహించుకుంటారు కాబట్టి, మౌనంగా ఉండలేక వాడుకునే మాట ఇది అని పునీత అగస్టీను చెప్పిన సంగతిని వాళ్లకూ చెప్పు.

ఇక్కడ పీఠాధిపతులు కూడిన నైసియా సభ చరిత్రను ఒక పేరాలో ఇవ్వు. 325లో ఆ సభ తేల్చిన విషయం కూడా ఒక విధంగా కర్త గురించినదే. కుమారుడు సృష్టింపబడినవాడని అలెగ్జాండ్రియా గురువు ఆరియసు అన్నాడు. అదే నిజమైతే మన కోసం వచ్చినవాడు, మరణించినవాడు దేవుడు కాడు, దేవుడు పంపిన మరొకడు. కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని సభ ప్రకటించింది. 381లో కాన్‌స్టాంటినోపులు సభ పవిత్రాత్మను ప్రభువుగా, జీవదాతగా, తండ్రితోను కుమారునితోను ఆరాధింపబడేవాడిగా ఒప్పుకుంది. తమ నుదుటి మీద ముద్ర వేసేవాడు ఏదో ఒక శక్తి కాదు, సాక్షాత్తు దేవుడేనని పిల్లలకు తెలియడానికి ఈ తేదీలు అవసరం. పరీక్షలో అడగడానికి కాదు.

పాపం, కృప, శ్రీసభ, మరియతల్లి, పునీతుల గురించిన పాఠాలు బాగానే వచ్చాయి, వాటిని ముట్టుకోవద్దు. దివ్యసత్ప్రసాదం దగ్గర మాత్రం ఒక మాట మార్చు. "యేసు ప్రేమకు గుర్తు" అని వదిలేశావు. గుర్తు అన్న మాట ఒక్కటే ఉంటే గుర్తు వేరు, యేసు వేరు అని పిల్లలు అర్థం చేసుకుంటారు. రూపం, రుచి మారకుండానే రొట్టె, ద్రాక్షరసాల సారం ఆయన శరీర రక్తాలుగా మారుతుందని, అక్కడ ఆయనే ఉన్నాడని నేరుగా రాయి. "ఇది నా శరీరము" అనే వాక్యాన్ని పలికేది ఎవరో కూడా చూపించు.

పది ఆజ్ఞల పాఠాన్ని నీవు మొదటి ఆజ్ఞతో ప్రారంభించావు. నిర్గమకాండము 20వ అధ్యాయం అలా ప్రారంభం కాదు. ఐగుప్తు దాస్యం నుండి నిన్ను విడిపించిన ప్రభువును నేనే అని ముందు ఆయన తన పనిని చెప్పుకుంటాడు, ఆజ్ఞలు ఆ తరువాత వస్తాయి. సత్యోపదేశ గ్రంథపు నాలుగు భాగాలూ అదే క్రమంలో ఉన్నాయి: విశ్వాసం, సంస్కారాలు, అప్పుడు నడవడి, చివర ప్రార్థన. ఏడు వరాలకూ ఇదే వర్తిస్తుంది. యెషయా 11వ అధ్యాయంలో ఆ వరాలు మొదట మెస్సీయకు చెందినవి, ప్రభువు ఆత్మ ఆయన మీద నిలుస్తుంది. వాటిని మనం కష్టపడి పెంచుకున్న గుణాలుగా కాక, ఆత్మ కదిలించినప్పుడు కదలగలిగేలా మనల్ని మలిచే కానుకలుగా రాయి.

ఇంత చెప్పాక నీకొక అనుమానం రావచ్చు: అన్నిటికీ దేవుడే కర్త అయితే పిల్లల వంతు ఏమిటని. మరియతల్లిని చూడు. నాకు నీ మాట ప్రకారం జరగనిమ్మని ఆమె అన్నది. అది లొంగుబాటు కాదు, పూర్తి స్వేచ్ఛతో ఇచ్చిన సమ్మతి. పిల్లలు అభ్యంగనానికి ముందు గురువు ఎదుట పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనం చేసి, దేవుని కృపలో, అంటే వరప్రసాద స్థితిలో ఉండాలని శ్రీసభ కోరడం కూడా, ఇచ్చే చేతికి ఎదురుగా చేయి చాచి ఉంచమని కోరడమే.

కష్టమైన ప్రశ్నలను పుస్తకంలో నుండి తప్పించవద్దు. యోహాను సువిశేషం 6వ అధ్యాయంలో తన మాట కఠినంగా ఉందని చాలామంది వెళ్లిపోతున్నప్పుడు యేసు ఆ మాటను మెత్తబరచలేదు. పన్నెండు మందిని చూసి మీరూ వెళ్తారా అని అడిగాడు. పునరుత్థానాన్ని ఎలా నమ్మాలి అని అడిగితే కొరింతీయులకు పౌలు రాసిన మొదటి లేఖలో 15వ అధ్యాయం తెరువు: 500 మందికి పైగా ఒకేసారి చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని ఆయన రాశాడు. అలా రాయడమంటే, వెళ్లి అడిగి తెలుసుకోమన్నట్టే. సైన్సు గురించిన ప్రశ్నకు విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించిన జార్జ్ లెమేత్ర్ కతోలిక గురువని చెప్పు, తన సిద్ధాంతాన్ని సృష్టి సత్యానికి రుజువుగా వాడుకోవడం ఆయనకు ఇష్టం లేదన్నది కూడా చెప్పు. రెండో సగం వదిలేస్తే మొదటి సగం ప్రచారమైపోతుంది.

కంఠస్థం చేయించడాన్ని నీవు ముందుమాటలో తక్కువ చేసి మాట్లాడావు, దాన్ని తొలగించు. తొలి శతాబ్దాలలో జ్ఞానస్నానార్థులకు విశ్వాస సంగ్రహాన్ని నోటితోనే అప్పగించేవారు, వాళ్లు నేర్చుకొని తిరిగి అప్పజెప్పేవారు. కొద్ది వాక్యాలు చాలు, అవి తప్పులేనివై, బిగువుగా ఉండాలి. అర్థం ఈరోజు సగమే తెలిసినా, మిగతా సగం తెలిసే రోజున చేతికి అందడానికి ఆ వాక్యం గుండెలో ఉండాలి కదా.

కార్తేజు నగరంలో దెయోగ్రాసియాస్ అనే శ్రీసభ పరిచారకుడు (డీకన్), తన బోధ తనకే విసుగు పుట్టిస్తోందని సుమారు 400వ సంవత్సరంలో అగస్టీనుకు మొరపెట్టుకున్నాడు. తన మాటలు తనకూ దాదాపు ఎప్పుడూ నచ్చవని అగస్టీను జవాబు రాశాడు. బోధించేవాడు సంతోషంగా బోధిస్తేనే వినేవాడు సంతోషంగా వింటాడని, ఆ సంతోషం ఎలా దొరుకుతుందో వివరించడానికే ఎక్కువ శ్రమపడ్డాడు. నీ ఉత్తరం చివర నీవు రాసిన నిరుత్సాహపు మాటలు చదివినప్పుడు నాకు ఆ డీకనే గుర్తుకొచ్చాడు.

ముందు నాలుగో పాఠం ఒక్కటే తిరగరాయి. ప్రతి క్రియ కింద గీత గీసి, దాని కర్తను పక్కన రాసుకో. రాసినదాన్ని ఆ వయసు పిల్లలిద్దరి చేత బిగ్గరగా చదివించి, వాళ్లు ఎక్కడ తడబడ్డారో గుర్తుపెట్టి, ఆ గుర్తులతోనే నాకు పంపు. ఆరో పాఠం సంగతి తరువాత మాట్లాడుకుందాం.

ప్రార్థనలతో,
నీ శ్రేయోభిలాషి