వీసా లెక్క వేరు, పని లెక్క వేరు

నాన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. అమెరికాలో ఉద్యోగంలో చేరి తొమ్మిది నెలలైంది, ఇప్పటికీ ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్‌లో బగ్గులు సరిచేయడమే పని, ఈసారి హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీలోనూ పేరు రాలేదు, ఇక కెరీర్ ఎప్పుడు మొదలవుతుంది పిన్నీ అని అడిగావు. రెండు బాధల్ని కలిపి ఒకే బాధ చేసుకున్నావు. నేనూ అదే చేసి, కదలాల్సిన చోట కదలకుండా నాలుగేళ్లు కూర్చున్నాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం. అది తేదీల లెక్క, టెన్షన్ పడితే తీరేది కాదు. నీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, 12 నెలలయ్యాక ఇంకో 24 నెలల పొడిగింపుకి వీలుంది. ఉద్యోగం లేకుండా ఉండగలిగిన రోజులు మొదటి ఏడాదిలో 90, పొడిగింపు వచ్చాక మొత్తం కలిపి 150. పొడిగింపు కోసం మీ కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో ఉండాలి, నీకు ఏం నేర్పిస్తారో ఐ-983 అనే శిక్షణ ఫారంలో రాయాలి. చాలామంది ఆ ఫారం మీద సంతకం పెట్టి మర్చిపోతారు. నువ్వు మాత్రం దాన్ని మేనేజర్ ముందు పెట్టి, ఇందులో ఏది ముందు మొదలుపెడదామని అడుగు. బగ్గుల్లోంచి బయటపడటానికి ఇంతకన్నా మంచి సాకు నీకు దొరకదు.

హెచ్-1బి వచ్చాక ఉద్యోగం పోతే 60 రోజుల వరకూ గడువు ఉంటుంది, ఐ-94లో (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ అంతకన్నా ముందైతే అప్పటిదాకానే. స్టేటస్‌లో ఉండగా కంపెనీ మారితే, కొత్త కంపెనీ నీ పేరున వీసా పిటిషన్ దాఖలు చేశాక అక్కడ పని మొదలుపెట్టొచ్చు. నన్ను కట్టిపడేసింది గ్రీన్‌కార్డ్ క్యూ. పుట్టిన దేశాన్ని బట్టి 7 శాతం పరిమితి కాబట్టి మనవాళ్లకి ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డ్ కేటగిరీల్లో నిరీక్షణ పదేళ్లు దాటింది. కంపెనీ మారితే మళ్లీ క్యూ చివరికి పోతాననుకున్నాను. నిజానికి ఐ-140, అంటే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్, ఆమోదం అయ్యాక, మోసం లాంటి కారణాలతో దాన్ని రద్దు చేస్తే తప్ప, ఆ ప్రయారిటీ డేట్ (క్యూలో మన స్థానం తేల్చే తేదీ) మనతోనే వస్తుంది. కాగితాల పని మాత్రం కొత్త కంపెనీ మొదటినుంచీ చేయాలి, అంతే. ఆ ఒక్క విషయం లాయర్‌ని అడగక, ఊపిరి ఆగిపోయిన ప్రాజెక్టులో నాలుగేళ్లు గడిపేశాను. రూల్స్ మారుతుంటాయి, నా మాట మీద కూడా ఆధారపడకు. కంపెనీ లాయర్ ముందు చూసేది కంపెనీ మంచినే కాబట్టి, పెద్ద నిర్ణయం ముందు ఒక గంటకి సొంతంగా డబ్బు కట్టి ఇంకొకరిని అడుగు.

భయంలో ఉన్నప్పుడే కన్సల్టెన్సీ వాళ్ల ఫోన్లు వస్తాయి. రెజ్యూమేలో లేని ఐదేళ్ల అనుభవం పెడతామంటారు, ఇంటర్వ్యూలో ఇంకొకరిని మాట్లాడిస్తామంటారు. పెట్టేయ్, ఫోన్. హెచ్-1బిలో పని లేక బెంచ్ మీద కూర్చోబెట్టినా కంపెనీ జీతం ఇవ్వాల్సిందేనని, పిటిషన్‌కి లాయర్ ఫీజు నీతో కట్టించకూడదని కూడా గుర్తుంచుకో.

ఇక నువ్వు చిన్నచూపు చూస్తున్న ఆ బగ్గులు. 2009 నవంబర్ 1, ఆదివారం. తెల్లారకముందే ఫోన్ మోగింది. కస్టమర్లకి బిల్లులు రెండేసి వెళ్లాయి. ఆ రోజు అమెరికాలో తెల్లవారుజామున రెండింటికి గడియారం వెనక్కి ఒంటిగంటకి తిప్పుతారు. బిల్లుల పని ఒంటిగంటన్నరకి. టైముకి పనులు నడిపే, కంపెనీ సొంతంగా రాసుకున్న షెడ్యూలర్ స్థానిక సమయం చూసేది, ఆ రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వచ్చింది, అది రెండుసార్లు నడిచింది. గడియారం తిప్పడం ఎరగని దేశం నుంచి వెళ్లినదాన్ని, కారణం పట్టుకోవడానికి నాకు మధ్యాహ్నమైంది. సవరణ రెండే లైన్లు, సమయాన్ని ఎప్పుడూ మారని ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోకి మార్చడం. అంతటితో టికెట్ (ఆ సమస్య నమోదు) మూసేసి నిద్రపోవచ్చు, నిద్ర కూడా ముంచుకొస్తోంది. కానీ ఎందుకో కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇదే తప్పు ఇంకా ఎక్కడెక్కడ దాగుంది. మార్చిలో గడియారం ముందుకి జరిపిన రోజు రెండున్నర అనే సమయమే ఉండదు, ఆ టైముకి పెట్టిన పనులు అసలు నడవవని కూడా రాశాను. అలాంటివి ఏడు దొరికాయి. ఆ కాగితం నేను ఎరగని టీముల్లో తిరిగింది. మార్చి వచ్చేలోగా ఒక ఆర్కిటెక్ట్ తన డిజైన్ రివ్యూకి నన్ను పిలిచాడు. నా కెరీర్ మొదలైంది అక్కడే, లాటరీతో దానికి ఏ సంబంధమూ లేదు.

పాత కోడ్ సరిచేసేవాడికి ఏది ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. కొత్తది రాసేవాడికి అది తెలియదు. అందుకని ప్రతి పెద్ద బగ్గుకీ అరపేజీ రాయి. క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, నెమ్మదిగా ఉంటే ఇండెక్స్ పెట్టి పారిపోకు, ప్లాన్ తెరిచి డేటాబేస్ ఏ దారిన వెళ్తోందో చూడు. ఏఐ ఇచ్చిన సవరణైనా సరే, ఎందుకు పనిచేసిందో నీ మాటల్లో చెప్పలేకపోతే అసలు కోడ్‌లో కలపకు (మెర్జ్ చేయకు). సర్టిఫికెట్లంటావా, రెజ్యూమే చదివించడానికి పనికొస్తాయి, అంతకు మించి నేను చూడలేదు.

మీటింగుల్లో తల ఊపడం మానెయ్. మనం అర్థమయ్యిందనే మర్యాదకి ఊపుతాం, వాళ్లు ఒప్పుకున్నామనుకుంటారు. శుక్రవారానికి అయిపోతుందా అంటే, 'అవుతుంది' అనకు. 'టెస్ట్ డేటా బుధవారానికి వస్తే అవుతుంది' అను. నీ యాసకి భయపడకు. నాది పదహారేళ్లయినా మారలేదు. నెమ్మదిగా మాట్లాడితే చాలు.

మేనేజర్‌తో విడిగా కూర్చున్నప్పుడు చేసిన పనుల చిట్టా చదవకు, అది టికెట్లలోనే ఉంటుంది. పై లెవెల్‌కి నాలో ఏం తక్కువైందని అడిగి, ఆయన చెప్పింది ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపు. ఏం చేశావు, దానివల్ల ఏం మారిందన్నది ప్రతి శుక్రవారం రెండు లైన్లు రాసుకో. కంపెనీ కోడ్, డాక్యుమెంట్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకు, దాంతోనే ఉద్యోగాలు పోయినవాళ్లని చూశాను.

మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు చేస్తున్న బగ్గు గురించి చెప్పు. ఎందుకొచ్చిందో వినాలి నాకు. ఇన్నాళ్లూ నువ్వు రాత్రి తొమ్మిదికి చేస్తే నాకు ఇక్కడ ఇండియాలో పొద్దున ఆరున్నర అయ్యేది, కాఫీ కూడా తాగకుండా మాట్లాడేదాన్ని. నవంబర్‌లో మీ గడియారాలు మారాక అదే తొమ్మిది నాకు ఏడున్నర అవుతుంది. అప్పుడు తీరిగ్గా వింటాను.

పిన్ని